సంకల్పము, సన్నాహము: ఓరుగల్లు నుండి బస్తరు వరకు

(జగదల్‌పూరు సభలో చదివిన స్మారకోపన్యాస పాఠము)

ఎవరి స్మృత్యర్థము ఈ సాయంకాలము మనము కూడితిమో ఆ కీర్తిశేషులు చరిత్రోపాధ్యాయులు. విద్యార్థులను బారసూరు శిథిలములకును, దంతేవాడ శాసనములకును నడిపించుకొనిపోయి, రాతిమీది అక్షరమును వ్రేలితో తడవి చూపిన పిదపనే పుస్తకము విప్పుట వారి పద్ధతి. వారు ప్రేమించిన చరిత్రనే ఆధారముగా గొని, వారి శిష్యుల జీవితములకు పనికివచ్చు ఒక ప్రశ్నను విచారించుట నా ఉద్దేశము. ఒక లక్ష్యమును సాధింపబూనినవాడు రాబోవు విఘ్నములను గూర్చి ఎప్పుడు ఆలోచింపవలెను, ఎట్లు ఆలోచింపవలెను?

ఈ ప్రశ్నకు మన నీతివాఙ్మయము ప్రాచీనకాలముననే ఒక సమాధానము చెప్పినది. భర్తృహరి కార్యారంభమునుబట్టి మనుష్యులను మూడు తెగలుగా విభజించెను. అడ్డంకులకు వెఱచి పని మొదలిడనివారు అధములు. మొదలిడి నడుమ విడుచువారు మధ్యములు. ఎన్నిమారులు దెబ్బ తగిలినను విడువనివారు ఉత్తములు. ఏనుగు లక్ష్మణకవి తెనిగింపు మూలమున ఈ విభాగము తెలుగువారికి బడిలోనే కంఠస్థమైనది. ధీరతను ఇంతకన్న సూటిగా నిర్వచించుట కష్టము. అయినను ఒక ప్రశ్న మిగిలియున్నది: ఆ ఉత్తముడు విడువక నిలుచుటకు వలసిన బలము ఎచ్చటనుండి వచ్చును? పట్టుదల కేవలము మనస్సునుండియే పుట్టునని మనము సాధారణముగా నమ్ముదుము. చరిత్రను పరిశీలించినకొలది నాకు వేఱొక నమ్మకము కుదిరినది. పట్టుదలకు వలసిన బలములో అధికభాగము పని ఆరంభించుటకు ముందే గాదెలలో, గట్లలో, ఒడంబడికలలో, పరస్పర విశ్వాసములో కూడబెట్టబడి యుండవలెను. విఘ్నమునకు సంకల్పములోనే చోటు కల్పించుటకు సన్నాహ మని పేరు. సన్నాహము లేని సాహసము మొదటి దెబ్బకు నిలువవచ్చును గాని రెండవ దెబ్బకు నిలువదు.

శుభకార్యమున ఆటంకమును తలపరాదను భయము మనలో పాతుకొనియున్నది. ముందుగానే అపశకునపు మాటలెందుకని పెద్దలు వారింతురు. కాని ఆ పెద్దలే ఏ కార్యమునకైనను మొట్టమొదట పసుపుముద్దతో గణపతిని చేసి కూర్చుండబెట్టుదురు. మీకు సమీపముననే, బారసూరులో, నాగవంశపు రాజుల కాలమున ఇసుకరాతితో మలచిన రెండు మహాగణపతి మూర్తులు నేటికిని నిలిచియున్నవి. కార్యారంభమున విఘ్నేశ్వరుని కొలుచుట విఘ్నము రాదని నమ్ముట కాదు. అది రాగలదని ముందుగానే ఒప్పుకొనుట. ఆ ఒప్పుకోలునకు పూజ మొదటిమెట్టు, ఏర్పాటు రెండవమెట్టు. మనము మొదటిమెట్టు మీదనే ఆగిపోవుట తఱచు.

రెండవమెట్టు నెక్కినవారిని చూడవలెనన్నచో కాకతీయుల యేలుబడిని చూడవలెను. వారు పాలించిన తెలంగాణము మెట్టభూమి. వాన కురిసిన యేడు పంట, కురియని యేడు కరవు. పాకాల, రామప్ప, లక్నవరము వంటి మహాతటాకములు ఆ యుగమున వెలసినవి. చెరువు కట్టుట యనగా నీటిని నిలుపుట మాత్రమే కాదు. కట్టమీద నిలిచి చూచినచో దానియందు రెండు వేఱువేఱు భయములకు రెండు వేఱువేఱు ఏర్పాట్లు కనబడును. నీరు చాలని దినములలో కొంచెము కొంచెముగా పొలమునకు విడుచుటకు తూము. నీరు మితిమీరిన రాత్రి కట్ట తెగకుండ దానంతట అది పొరలిపోవుటకు అలుగు. ఆ అలుగునే తెలంగాణమున మత్తడి యందురు. ఒక చెరువు అలుగునుండి జారిన నీరు క్రింది చెరువును చేరునట్లు గొలుసుగా కట్టుటచేత ఒకచోటి ప్రమాదము మఱొకచోట పంట యగుచుండెను. అనావృష్టిని, అతివృష్టిని ఒక్క కట్టడములోనే తలచుకొన్న ఆ బుద్ధి ఆలయనిర్మాణమునందును కనబడును. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడికి పునాదిగుంటను ఇసుకతో నింపి దానిమీద అంతటి భారమును నిలిపిరి. నేల కదలినప్పుడు రాతికి కావలసిన సర్దుబాటును పునాదిలోనే దాచియుంచిరన్నమాట.

ఇంతకంటె విశేషమైన నిదర్శనము సముద్రతీరమున కలదు. కాకతీయ గణపతిదేవుడు 1244-45 ప్రాంతమున మోటుపల్లిలో వేయించిన అభయశాసనమును చరిత్ర చదివిన ప్రతి తెలుగువాడును ఎఱుగును. తుపానునకు చిక్కి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సర్వస్వమును రాజులు స్వాధీనము చేసికొనుట అంతకు పూర్వపు ఆచారము. సముద్రము సగము దోచిన వర్తకుని రాజు పూర్తిగా దోచుచుండెను. గణపతిదేవుడు ఆ ఆచారమును మాన్పి, నిర్ణీతమైన సుంకము మాత్రమే గైకొందునని మాట యిచ్చి, ఆ సుంకమును ముప్పదింట ఒకవంతుగా నిర్ణయించెను. తుపానును ఆపగల రాజు లేడు. తుపాను తరువాత ఏమి జరుగునో ముందుగా నిశ్చయించి, ఆ నిశ్చయమును రాతిమీద చెక్కించి, దూరదేశపు నావికునకు తెలియజేయుట రాజునకు సాధ్యము. ఆ హామీ లేనిచో వర్తకుడు బయలుదేరుటకే సందేహించియుండును. సన్నాహము సాహసమునకు శత్రువని తలచువారికి మోటుపల్లి స్తంభము చక్కని సమాధానము. అచ్చట సాహసమును కలిగించినది సన్నాహమే.

ఇంతటి ముందుచూపుగల రాజ్యము ఎట్లు కూలెను? మన విచారణకు ఇదియే కీలకము. గణపతిదేవుడును రుద్రమదేవియు తమ రాజధాని ఓరుగంటికి రాతికోటను, దాని వెలుపల మట్టికోటను, అగడ్తలను ఏర్పరచిరి. 1303లో ఢిల్లీ సేన ఉప్పరపల్లి వద్ద ఓడి మరలినది. 1310లో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫూరు ముట్టడికి కప్పము చెల్లింపవలసివచ్చినను రాజ్యము నిలిచినది. తరువాత ఢిల్లీ సుల్తాను కుమారుడు ఉలూఘ్‌ఖాను నెలల తరబడి కోటను చుట్టుముట్టెను. ఢిల్లీలో సుల్తాను మరణించెనను వదంతి వ్యాపించి అతని శిబిరము చెదరుటచేత ముట్టడి విఫలమైనది. శత్రువు ఇక రాడని కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు భావించెననియు, విజయోత్సవము జరిపించి కోటలోని ధాన్యాగారములను తెఱపించెననియు చరిత్రకారులు చెప్పుదురు. ఉలూఘ్‌ఖాను కొలది మాసములకే మరలివచ్చెను. కోటగోడలు అవియే, అగడ్తలు అవియే, యోధులును వారే. గాదెలు మాత్రము ఖాళీ. 1323లో ఓరుగల్లు పడిపోయెను. బందీయై ఢిల్లీకి కొనిపోబడుచున్న ప్రతాపరుద్రుడు నర్మదాతీరమున మరణించెను.

ఈ కథను ఒక రాజు అజాగ్రత్తగా తీసివేయుట అన్యాయము. ఆకలితో అలమటించిన కోటలోని జనమునకు గాదె తెఱచుట దయాగుణమే కావచ్చును. మనము గ్రహింపవలసినది వేఱొకటి. ఓటమి తరువాత ఎల్లరును జాగ్రత్తపడుదురు. ఆపద ఎదుట నిలిచియున్నప్పుడు మందబుద్ధియు మేలుకొనును. మొదటి విజయము తరువాత వచ్చు దినములే సంకల్పమునకు అత్యంత ప్రమాదకరములు. అప్పుడు అలసట కలదు, సంతోషము కలదు, ఇక చాలునను భావము కలదు. విఘ్నము ఒక్కమారు వచ్చి పోవునది కాదు. తిరిగి వచ్చుట దాని స్వభావము. కావున సన్నాహమును విజయమునకు మెట్టుగా మాత్రమే చూడరాదు; విజయమునకు పిదపను దానిని కాపాడుకొనవలెను.

ఓరుగల్లు పతనానంతరము రెండు మార్గములు తెఱచుకొన్నవి. రెండును ఈ గోదావరీ శబరీ ఇంద్రావతీ ప్రాంతమువైపే సాగుట గమనింపదగినది. మొదటిది ముసునూరి నాయకుల మార్గము. మల్లంపల్లి సోమశేఖరశర్మగారు 1945లో వెలువరించిన గ్రంథమున మఱుగుపడిన ఆ అధ్యాయమును వెలికితీసిరి. ప్రోలయనాయకుడు మైదానమును విడిచి, గోదావరీతీరపు కొండలలో రేకపల్లిని నెలవు చేసికొని, చెదరిన నాయకులను కూడగట్టెను. ఆయన తరువాత కాపయనాయకుడు 1336 ప్రాంతమున ఓరుగల్లును తిరిగి గెలుచుకొనెను. రాజధాని పోయినను ఆ నాయకుల మధ్య సంబంధములు పోలేదు. కోట వారి బలమునకు బాహ్యరూపము మాత్రమే. ఒకరి పిలుపునకు మఱొకరు కదలివచ్చుట దాని అంతరరూపము. మొదటిది కూలినప్పుడు రెండవది రాజ్యమును తిరిగి నిలబెట్టెను.

రెండవది అన్నమదేవుని మార్గము. కాకతి ప్రతాపరుద్రుని సోదరుడైన ఆతడు ఓరుగల్లును విడిచి ఈ దేశమునకు వచ్చెనని, బస్తరు రాజు దిక్పాలదేవుని కాలమున 1703లో వేయించిన దంతేవాడ శాసనము చెప్పుచున్నది. అతని వెనుక కులదేవతయగు దేవి అందెల రవళితో నడచివచ్చెననియు, వెనుదిరిగి చూడవలదని ఆజ్ఞాపించెననియు, శంఖినీ డంకినీ సంగమమున పాదములు ఇసుకలో దిగబడి అందెలు మ్రోగకపోగా రాజు వెనుకకు చూచెననియు, దేవి అచ్చటనే నిలిచిపోయెననియు మీ ఇండ్లలో చెప్పుకొను కథ. కథలోని విశ్వాసము నటుంచి నడవడిని చూడుడు. ప్రయాణము ఎచ్చట తెగిపోయెనో అచ్చటనే ఆలయము లేచినది. తలచిన హద్దు వరకు పోలేకపోతినని ఆ రాజు మరలిపోలేదు. అడ్డు తగిలిన తావును రాజ్యమునకు కేంద్రముగా మార్చెను. అట్లు వెలసిన వంశము నడుమ నాగపూరు మరాఠాల పెత్తనమును, తరువాత ఆంగ్లేయుల అధికారమును భరించి, 1948లో ఈ సంస్థానము భారతదేశమున విలీనమగు వరకు ఆరువందల యేండ్లకు పైగా నిలిచినది.

అంతకాలము నిలుచుటకు రాజుల శౌర్యమొక్కటియే కారణమని నేననుకొనను. బస్తరు దసరాను సన్నిహితముగా పరిశీలించినచో ఇచ్చటి సమాజము విఘ్నమును గూర్చి ఎంత లోతుగా ఆలోచించెనో తెలియును. ఆ వంశమునకు చెందిన పురుషోత్తమదేవుడు పూరీయాత్ర చేసివచ్చి రథోత్సవము నారంభించెనని ప్రతీతి. డెబ్బదియైదు దినముల ఈ ఉత్సవము శ్రావణ అమావాస్యనాడు పాట్ జాత్రతో, రథమునకు కావలసిన కొయ్యను పూజించుటతో మొదలగును. పిదప కాఛిన్ గాదీ. మిర్గాన్ కులమునకు చెందిన చిన్నబాలిక కాఛినదేవి ఆవేశమున ముళ్ల ఊయలమీద శయనించి అనుమతి నిచ్చినగాని రాజు ఉత్సవమును సాగింపరాదు. అటుతరువాత జోగీ బిఠాయీ. సిరసార్ భవనమున నేలలో గుంట త్రవ్వి, హల్బా యువకుడొకడు తొమ్మిది దినములు అందులో కదలక కూర్చుండి, ఉత్సవము నిర్విఘ్నముగా సాగుటకై వ్రతము పూనును. వెలుపల తప్పెటలు మ్రోగుచుండును, పుష్పరథము వీథులలో తిరుగుచుండును, జనము కోలాహలముగా సాగుచుండును; ఆ గుంటలో ఒక మనిషి అందరి ఆటంకములను తన బాధ్యతగా వహించి కూర్చుండును. ఉత్సవము కడపట మురియా దర్బారు. 1876 నాటి మురియాల తిరుగుబాటు తరువాత ఆరంభమైన ఈ సభలో ప్రజలు తమ కష్టములను పాలకుల ముందు నిలిచి చెప్పుకొందురు.

ఈ క్రమమును విడదీసి చూచినచో సన్నాహమునకు సంపూర్ణమైన స్వరూపము కనబడును. ఆరంభమున అనుమతి, నడుమ బాధ్యత, కడపట ఫిర్యాదు. ఎవరిని కాదని పని సాగింపలేమో వారి సమ్మతి ముందే గైకొనుట. పని సాగుచున్నంతసేపు దాని క్షేమమునకు ఒకనిని నియమించుట. ముగిసిన పిదప తగిలిన గాయములను వినుట. రాజు బలహీనురాలైన ఒక బాలిక అనుమతి కొఱకు నిలువవలసివచ్చుటలో గొప్ప రాజనీతి యున్నది. మన లక్ష్యమునకు ఎదురగు అడ్డంకులలో సగము మనము లెక్కింపని మనుష్యులనుండి వచ్చునవే.

ఈ సత్యమును మఱచినవారికి ఈ గడ్డయే పాఠము నేర్పినది. 1905లో ఇచ్చటి అడవిలో మూడింట రెండువంతులను రిజర్వు చేయుటకు ఆంగ్లప్రభుత్వము తలపెట్టినది. పటములు గీచిరి, హద్దులు నిర్ణయించిరి. అడవిలో పోడు కొట్టుకొని, వేటాడి, కాయకసరు ఏరుకొని బ్రదుకువారి మాట మాత్రము అడుగలేదు. 1910లో భూమ్‌కాల్ తిరుగుబాటు చెలరేగినది. మామిడిరెమ్మ, మట్టిముద్ద, మిరపకాయలు, బాణములు ఊరినుండి ఊరికి సందేశములుగా నడచినవి; నేతానార్ గ్రామమునకు చెందిన గుండాధూర్ పేరు ఇంటింట నిలిచిపోయినది. సైన్యము ఆ ఉద్యమమును అణచివేసినను, రిజర్వు చేయుపని కొంతకాలము ఆగిపోయి, తలపెట్టిన విస్తీర్ణము సుమారు సగమునకు తగ్గినది. కాగితముమీద లోపమేమియు లేని ఆ ప్రణాళికలో మనుష్యులకు చోటు లేకపోవుటయే దాని లోపము.

రాజ్యముల మాట యిట్లుండగా, అడవిలోని గృహస్థుని సన్నాహము అంతకంటె ప్రాచీనము. ఎండలు ముదురు దినములలో తెల్లవారకముందే తల్లులు, పిల్లలు గంపలు పట్టుకొని ఇప్పచెట్ల క్రిందికి చేరుదురు. రాత్రి రాలిన పూవు కండపట్టి, లేతపసుపు రంగున, మంచుతడితో నేలమీద పఱచుకొనియుండును. పశువులు తినకముందే, ఎండ ముదరకముందే ఏరవలెను. ముంగిట ఆరబోసినచో కొలది దినములకే అది ముదురుగోధుమ రంగునకు తిరిగి ఎండుద్రాక్షవలె ముడుచుకొనును. దానిని పాతరలోనో, బుట్టలోనో దాచి, వానలు దిగి, పాత ధాన్యము అడుగంటి, కొత్త పంట చేతికి రాని మాసములలో వండుకొందురు. అరికెలు, చోళ్లు పురుగు పట్టక యేండ్లతరబడి నిలువయుండును గనుక వానిని ప్రత్యేకముగా భద్రపఱతురు. పండుగనాడును విత్తనపు గింజలకు చేయి తగిలింపరు. ఓరుగంటి ధాన్యాగారమున జరిగిన పొరపాటు ఈ గుడిసెలో జరుగదు. ఏలనన, వానకాలము ప్రతియేడు తిరిగివచ్చునని ఈ గృహిణికి తెలియును.

ఆధునిక కాలమున తెలుగు తీరమును బస్తరును మరల ముడివేసినది కొత్తవలస కిరందుల్ రైలుమార్గము. బైలడీలా కొండల ఇనుప ఖనిజమును విశాఖ రేవునకు, అచ్చటినుండి జపానునకు చేర్చుటకై నిర్మింపబడి, 1966-67లో తెఱవబడిన ఈ మార్గము అనంతగిరి కొండలలో సొరంగము వెంట సొరంగముగా ఎక్కి, శిమిలిగుడ వద్ద సముద్రమట్టమునకు 996 మీటర్ల యెత్తును అందుకొనును. ఖాళీ వ్యాగనులు ఎక్కుచు, నిండు వ్యాగనులు దిగుచు పోవు మార్గమిది. భారముతో దిగు బండి అదుపు తప్పినచో ఏమి చేయవలెను? ఘాటు మార్గములను నిర్మించు ఇంజనీర్లు ఈ ప్రశ్నను మొదటనే వేసికొందురు. బ్రేకులమీద నమ్మకము లేక కాదు. బ్రేకులు విఫలమైన దినమునకును ఒక దారి యుండవలెనని. ఆ దారికే క్యాచ్ సైడింగు అని పేరు: పట్టాలు ప్రధానమార్గమునుండి చీలి, గట్టుమీదికి ఎగబ్రాకి, పరుగెత్తు బండి వేగమును తామే మ్రింగును. కొండచరియలు విఱిగిపడు వానరాత్రులలో పెట్రోలింగు మనుష్యులు లాంతరు పట్టుకొని పట్టాలవెంట నడతురు. అయినను చరియలు విఱిగి మార్గము మూతపడిన సంవత్సరములు కలవు. సన్నాహము విఘ్నమును తొలగింపలేదు. దెబ్బ ప్రాణాంతకము కాకుండ, మరల లేచుటకు వీలుగా మాత్రము చేయగలదు. అంతకు మించిన వాగ్దానమును సన్నాహమునుండి కోరుట అవివేకము.

ఇచ్చటనే మఱొక సత్యమును దాచక చెప్పవలెను. ఈ మార్గమునకు ఎదురగు విఘ్నములను లెక్కించిన లెక్కలో శంఖినీ నదికి ఎదురగు విఘ్నము చేరలేదు. ఖనిజపు మట్టి కలిసి ఆ నీరు ఎఱ్ఱబారగా, ఒడ్డున వ్యవసాయము చేయువారి పొలములును, త్రాగునీరును చెడినవి. తన ఆటంకమును ప్రక్కవాని వాకిటికి త్రోసివేయుట సన్నాహము కానేరదు. అది ఆటంకమునకు చిరునామా మార్చుట మాత్రమే. దేశాభివృద్ధికి పూనుకొన్నవారు తమ పనికి వచ్చు అడ్డంకులతోపాటు తమ పని ఇతరులకు తెచ్చు అడ్డంకులను ఒకే పుస్తకమున వ్రాసికొనవలెను. ఈ విషయమున మనము మోటుపల్లి శాసనమునకు ఇంకను చాల దూరమున నున్నాము.

యువకులారా, మీలో పలువురు పరీక్షలకు, ఉద్యోగములకు, దూరదేశములకు సిద్ధమగుచున్నారు. తప్పక గెలుతునని తలంచుటయే గెలుపునకు మార్గమని మీకు ఉపదేశించువారు ఉందురు. వారి సద్భావమును గౌరవింపుడు. కాని ఆ మాటతో తృప్తిపడకుడు. దిగులునకు, సన్నాహమునకు గల భేదమును తెలిసికొనుడు. రెండును రాబోవు కష్టమునే చూచును. దిగులు దానిని మరల మరల తలచి రాత్రి నిద్రను పోగొట్టును. సన్నాహము ఒకమారు తలచి, చేయవలసినది చేసి, నిద్రపోనిచ్చును. మీ సంకల్పమును వ్రాసికొన్ననాడే దాని ప్రక్కన నాలుగు విషయములు వ్రాసికొనుడు. చేయి తగిలింపరాని నిలువ ఏది? భారము మితిమీరినప్పుడు పొరలిపోవుటకు అలుగు ఏది? ఈ పనిలో ఎవరి అనుమతి, ఎవరి సహాయము లేక నేను ముందుకు సాగలేను? ఇది ఈ రూపమున విఫలమైనచో ఏ రూపమున దీనిని తిరిగి ఆరంభింపగలను? ఈ నాలుగింటికి సమాధానము దొరకిన పిదప మీ ధైర్యము మాటగా మిగులక ఆధారముగల ధైర్యమగును.

సన్నాహము ఒంటరి మనిషి గుణము మాత్రమే కాదని కూడ జ్ఞాపకముంచుకొనుడు. చెరువును ఒక్కడు త్రవ్వలేదు. రేకపల్లికి ఒక్క నాయకుడు చేరలేదు. తొమ్మిది దినములు గుంటలో కూర్చున్న జోగి తన కొఱకు కూర్చుండలేదు. నిలువ లేనివానికి ధైర్యము చెప్పుట సులభము, నిలువ నిచ్చుట కష్టము. పేదయింటి బిడ్డ ఒక్క పరీక్షలో తప్పినంతమాత్రమున చదువే ఆగిపోవుచున్నచో, ఒక్క పంట ఎండినంతమాత్రమున రైతు భూమిని కోల్పోవుచున్నచో, అది వారి పట్టుదలకు వచ్చిన లోపము కాదు. వారి వెనుక గాదెను నింపియుంచవలసిన సమాజమునకు వచ్చిన లోపము. రెండవ ప్రయత్నమునకు అవకాశము కలిగించుట నాగరికతకు ప్రథమధర్మము. ఈ పట్టణపు తెలుగు సంఘములు, విద్యాలయములు, వర్తకులు, ఉద్యోగులు కలిసి, మొదటి ప్రయత్నమున ఓడిన విద్యార్థులను తిరిగి నిలబెట్టుటకై ఒక శాశ్వతనిధిని ఏర్పరచినచో, అది మన గురువుగారికి తగిన స్మారకమగునని నా విన్నపము. గెలిచినవారికి బహుమతులిచ్చు సంస్థలు మనకు కొదువలేదు. ఓడినవారు ఓటమితో ముగిసిపోకుండ చూచు సంస్థ ఒక్కటి ఈ ఊరిలో వెలయవలెను. అందుకు మొదటి చందాను ఈ సభలోనే సమర్పించుచున్నాను.